కొండల నడుమ ఒక ఊరు, ఒక జట్టు

రేడియో వినుట కలవాటుపడిన ఇండ్లలో క్రికెట్టు, హాకీ, ఫుట్‌బాలు అను పేర్లు తెలియనివారుండరు. బంతి ఎటు పోవుచున్నదో కంటితో చూడకయే, వ్యాఖ్యాత గొంతులోని హెచ్చుతగ్గులనుబట్టి గ్రహింపగల నేర్పు మనవారికి చిరకాలముగా అలవడియున్నది. అయినను హ్యాండ్‌బాల్ అనగానే మనలో చాలమంది క్షణమాగి, అదేమి ఆట యని అడుగుదురు. ఆ పేరు మనకు బొత్తిగా క్రొత్తది కాదు. 1982లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో ఈ ఆటకు మొదటిసారి చోటు లభించెను. 2023లో మన దేశమున జరిగిన హ్యాండ్‌బాల్ లీగులో తెలుగు టాలన్స్ అను జట్టుకూడ ఆడెను. కాని యీ ఆట పుట్టి పెరిగిన ఇల్లు ఉత్తర ఐరోపా. ఆ ఇంటిలో ఒకనాడు పెద్దరికము వహించిన ఒక సంఘము కథను మేమిప్పుడు చెప్పబోవుచున్నాము. ఆ సంఘము బెర్లిన్ నగరమునకు చెందినది కాదు, మ్యూనిక్ నగరమునకు చెందినది కాదు. గుమ్మర్స్‌బాఖ్ అను ఒక చిన్న పట్టణముది. పటములో వెదకువారు కొలోన్ నగరమునుండి తూర్పుగా సుమారు 50 కిలోమీటర్లు వ్రేలు జరుపవలెను.

ముందుగా ఆట సంగతి. 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల స్థలమున ఇరుపక్షములనుండి ఏడుగురేసి నిలుతురు. సంఖ్యలో ఇది మన చెడుగుడు జట్టువలెనే యున్నది. ఆ ఏడుగురిలో ఒకడు గోలుకీపరు. బంతిని చేతితో పట్టి, చేతితో విసరి, 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు గల గోలులోనికి పంపవలెను. గోలుముందు 6 మీటర్ల దూరమున ఒక వంపుగీత యుండును. ఆ గీతకు లోపల గోలుకీపరు తప్ప మరెవ్వరును కాలు మోపరాదు. అయితే గీతకు వెలుపలనుండి పైకెగిరి, తిరిగి నేలను తాకకముందే బంతిని విసరవచ్చును. ఈ ఒక్క నియమమువలననే ఆటకు అంత అందము వచ్చినదని మా అభిప్రాయము. బంతి చేతనుండగా మూడడుగులకు మించి వేయరాదు. మూడు సెకండ్లకు మించి కదలక పట్టుకొని నిలువరాదు. అరగంట చొప్పున రెండు భాగములు ఆడుదురు. ఎదుటిపక్షమువారు చేతులెత్తి గోడ కట్టినట్లు నిలిచి, ఒంటితోనే అడ్డుదురు. దేహములు ఢీకొనుట ఈ ఆటలో వింత గాదు, అడుగడుగున జరుగునదే. ఈ చివరి మాటను చదువరులు మనసులో నుంచుకొనవలెనని కోరుచున్నాము. కథ సగము నడచిన పిమ్మట దానితో పని కలుగును.

ఈ ఆటను లోపలి కట్టడములలో ఆడు పద్ధతికి స్కాండినేవియా దేశములు మూలము. జర్మనీలో మాత్రము మొదట ఇది ఆరుబయటి ఆటగా పెరిగెను. మొదటి ప్రపంచయుద్ధము నడచుచుండగా, 1917 అక్టోబరు 29న బెర్లిన్‌లో మాక్స్ హైజర్ అను వ్యాయామశిక్షకుడు స్త్రీలు ఆడుకొనుటకై కొన్ని నియమములు వ్రాసి, ఆ ఆటకు హ్యాండ్‌బాల్ అని పేరు పెట్టెను. రెండేండ్ల పిమ్మట కార్ల్ షెలెంజ్ అనునతడు ఆ నియమములను మార్చి, దానిని పురుషులు ఆడదగిన ఉరవడిగల ఆటగా తీర్చెను. ఫుట్‌బాలు మైదానమంత స్థలములో పదునొకండుగురేసి ఆడుచుండిరి. 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో జర్మనీ, ఆస్ట్రియాల నడుమ జరిగిన తుది ఆటను వానలో తడియుచు సుమారు లక్షమంది చూచిరట. ఆ దినముల వానయే హాకీ తుదిపోటీని ఒకనాడు వెనుకకు నెట్టెను. అట్లు వాయిదాపడి ఆగస్టు 15న జరిగిన ఆ పోటీలోనే ధ్యాన్‌చంద్ నాయకత్వమున మనవారు జర్మనీని 8–1గా ఓడించిరి. హ్యాండ్‌బాలు మాట తలపెట్టి హాకీలోనికి జారితిమి, మన్నింపవలెను.

జర్మనీలో శీతకాలము దీర్ఘమైనది. మంచు, బురద కలసిన మైదానములో బంతి చేతికి నిలువదు. క్రమముగా ఆట లోపలికి జరిగెను. 1966లో ఆరుబయటి హ్యాండ్‌బాలుకు ప్రపంచపోటీ చివరిసారిగా జరిగెను. అదే యేడు పశ్చిమ జర్మనీలో లోపలి ఆటకై బుండెస్‌లీగా అను ఉన్నతశ్రేణి పోటీ ఏర్పడెను. ఆ 1966లోనే గుమ్మర్స్‌బాఖ్ మొదటిసారిగా జర్మనీ విజేతయయ్యెను. పాత ఆట అస్తమించుచు క్రొత్త ఆట ఉదయించు సంధికాలమున, ఎవరును లెక్కపెట్టని యొక ఊరు ముందునకు వచ్చి నిలిచినదన్నమాట.

ఇప్పుడా ఊరిని గూర్చి కొంత చెప్పుదము. ఆ ప్రాంతమును బెర్గిష్ సీమ యందురు. జర్మను భాషలో బెర్గ్ అనగా కొండ. అక్కడ కొండలున్న మాట నిజమేగాని, సీమకు పేరు వచ్చినది వానివలన కాదు. పూర్వము దానిని పాలించిన బెర్గ్ వంశపు ప్రభువులవలన. నేడైనను పట్టణపు జనసంఖ్య ఏబదివేలకు కొంచెము అటునిటు. 1874లో అక్కడ స్టైన్‌ముల్లర్ సోదరులు స్థాపించిన కర్మాగారము ఆవిరిబాయిలర్ల తయారీలో పేరు గాంచెను. తరతరములుగా ఆ ఊరి ఇండ్లలో చాలభాగమునకు బ్రతుకుదెరువు ఆ కర్మాగారమే. ఇనుమును వంచు చేతులు, పెందలకడ లేచు అలవాటు, ఆదివారము వ్యాయామశాల. ఆ ఊరి స్వభావము ఇట్టిది.

వ్యాయామసంఘము కర్మాగారముకంటెను పాతది. 1861లో అది పుట్టెను. అప్పటికి జర్మనీ ఒక దేశముగా ఏర్పడలేదు. అందులకింకను పదేండ్లు కావలసియుండెను. ఆ కాలమున వ్యాయామసంఘములనగా దండెములు, బస్కీలు మాత్రమే కాదు. విడివిడిగానున్న సంస్థానములన్నియు ఏకము కావలెనను కోరిక గల యువకులు కూడు తావులవి. ఒకప్పుడు ప్రష్యా ప్రభుత్వము వానిని నిషేధించియుండెను. అట్టి వంశమునకు చెందినదే గుమ్మర్స్‌బాఖ్ సంఘము. దాని పూర్తి పేరునకు దేహవ్యాయామ సంఘము అని యర్థము, మూడక్షరములతో వి.ఎఫ్.ఎల్. అందురు. 1923లో అందులో హ్యాండ్‌బాల్ శాఖ వెలసెను. తరువాతి నలుబదేండ్లు చెప్పుకొనదగినంత విశేషము లేదు. ఊరిపిల్లలు ఆడిరి, పొరుగూళ్ళతో గెలిచిరి, ఓడిరి. అంతియే.

కథ మలుపు తిరిగినది 1963 చివర. దానికి కారణము జర్మనీలో పుట్టినవాడు కాడు.

రుమేనియాలో బనాట్ అను సీమయున్నది. శతాబ్దముల క్రిందట జర్మను మాటాడు రైతులు వచ్చి అక్కడ స్థిరపడిరి. వారి సంతతిలో 1942లో జన్మించినవాడు హాన్సి ష్మిట్. బుఖారెస్టు నగరములో సైన్యమునకు చెందిన స్టేవా అను సంఘములో ఆడెను. ఆనాడు రుమేనియా హ్యాండ్‌బాలులో జగజ్జేత. 1961లోను, 1964లోను ప్రపంచవిజేత. అట్టి పాఠశాలలో నేర్చిన యువకుడు, జట్టుతో పశ్చిమ జర్మనీకి ఆటకై వచ్చి, తిరిగి పోలేదు. ఇరువది రెండేండ్లైనను నిండని వయస్సు. తల్లిదండ్రులు, ఊరు, భాషలోని సగము ఆవల నుండిపోయెను. ఇనుపతెర యని ఆ దినములలో పత్రికలు వ్రాయుచుండిన మాట, మనకు దూరముననుండి విన్నమాట. దానిని దాటినవానికి మాత్రము అది మాట కాదు. గుమ్మర్స్‌బాఖ్ అతనిని చేరదీసెను.

ష్మిట్ ఆటలో ప్రసిద్ధికెక్కినది ఒక విసరు. గీతయొద్ద పైకెగురును. అడ్డుగా నిలిచినవారును అతనితోపాటు చేతులెత్తి ఎగురుదురు. సామాన్యుడైనచో అప్పుడే బంతిని విసరివేయును. అది చేతుల గోడకు తగిలి పడిపోవును. ష్మిట్ విసరడు. గాలిలో నిలిచిపోయినట్లు ఒక్క క్షణము తాళును. ఎదుటివారు దిగనారంభించుదురు. గోలుకీపరు ముందే కదలిపోవును. అప్పుడు చేయి తిరుగును. చెప్పుటకు సులభము; భూమ్యాకర్షణతో బేరమాడుట ఎంతమందికి సాధ్యము? బుండెస్‌లీగాలో పలుమార్లు అతడే అత్యధిక గోలులు చేసెను. పశ్చిమ జర్మనీ తరపున 98 ఆటలాడి 484 గోలులు చేసెను.

1967లో గుమ్మర్స్‌బాఖ్ ఐరోపా విజేతల కప్పు తుదిపోటీకి చేరెను. ఎదుటివారు ప్రాగ్ నగరపు దుక్లా, చెకొస్లొవాకియా సైన్యపు జట్టు. పోటీ జరిగినది డోర్ట్‌మండులో వెస్ట్‌ఫాలెన్ హాలులో. పదివేలమందికి మించి పట్టు శాల యది. గుమ్మర్స్‌బాఖ్ 17–13గా గెలిచెను. తన యూరిలో పెద్ద శాల లేని జట్టునకు డోర్ట్‌మండే రెండవ ఇల్లయ్యెను. పెద్ద ఆట యున్ననాడు కొండలలోని ఊరినుండి జనము కదలి అక్కడికి పోవుచుండిరి.

1970లో మరల ఐరోపా కప్పు; ఈమారు ఓడినవారు తూర్పు బెర్లిన్‌కు చెందిన డైనమో. ఒకే భాష మాటాడు రెండు జర్మనీలు ఒక బంతికై పెనుగులాడెను. 1971 తుదిపోటీ ఇంకను విచిత్రమైనది. ఎదుట నిలిచినది బుఖారెస్టు స్టేవా, అనగా ఎనిమిదేండ్ల క్రిందట ష్మిట్ విడిచివచ్చిన జట్టే. ఆట 17–16తో ముగిసెను. గెలిచినది గుమ్మర్స్‌బాఖ్. ఆ ఒక్క గోలు తేడాలో ఎంత బరువున్నదో లెక్కల పుస్తకములు చెప్పవు. 1974లో మాస్కోజట్టును ఓడించి నాలుగవమారు ఐరోపా కప్పును గెలిచెను. స్వదేశమున 1973 మొదలు 1976 వరకు వరుసగా నాలుగేండ్లు విజేత. ష్మిట్ ఆ 1976లో ఆట విరమించి, ఆ ఊరనే ఉపాధ్యాయుడయ్యెను.

ఇక యువతరము. 1952లో గుమ్మర్స్‌బాఖ్‌లోనే పుట్టిన హైనర్ బ్రాండ్ అడ్డుగోడకు మూలస్తంభము. అతని యన్నలు క్లౌస్, యోఖెన్ కూడ ఆ జట్టులో ఆడినవారే. ఒక ఇంటినుండి ముగ్గురు! తరువాత రెండు మీటర్లకు మించిన పొడగరి ఎర్హార్డ్ వుండర్లిష్ వచ్చెను. 1999లో ఇతనినే శతాబ్దపు జర్మను హ్యాండ్‌బాల్ ఆటగానిగా ఎన్నుకొనిరి. అయితే వీరందరి నడుమ, చూచినవారు మొదట చెప్పుకొను పేరు యోఆఖిం డెకార్మ్.

డెకార్మ్ 1954లో ఫ్రాన్సు సరిహద్దున నున్న సార్‌బ్రుకెన్‌లో పుట్టెను. 1973లో గుమ్మర్స్‌బాఖ్ చేరెను. చదువు ఒకవైపు, ఆట ఒకవైపు. దూరమునుండి విసరును, దగ్గరకు చొచ్చుకొనిపోవును, వెనుకకు వచ్చి అడ్డును. ఒకే ఆటగానిలో ఇన్ని విద్యలు కూడుట అరుదు. దేశము తరపున 104 ఆటలు, 381 గోలులు. 1976 మార్చిలో తూర్పు జర్మనీలోని కార్ల్‌మార్క్స్ నగరములో ఆ రెండు జర్మనీలు ఒలింపిక్ అర్హతకై ఆడినప్పుడు అతడును, బ్రాండును ఉండిరి. ఆ నగరమునకు 1990లో కెమ్నిట్స్ అను పాతపేరే తిరిగివచ్చినది. పశ్చిమ జర్మనీ 8–11గా ఓడెను, అయినను అర్హత సంపాదించెను. ఇంకొక్క గోలు పడియున్నచో పోయెడిదే. చివరి క్షణములలో గోలుకీపరు హోఫ్‌మన్ 7 మీటర్ల విసరునొకదానిని ఆపెను. 1978 ఫిబ్రవరి 5న కోపెన్‌హేగన్‌లో సోవియట్ జట్టుపై 20–19తో పశ్చిమ జర్మనీ ప్రపంచవిజేతయయ్యెను. ఆ జట్టులో గుమ్మర్స్‌బాఖ్ యువకులు పలువురు. డెకార్మ్‌కు అప్పుడు 24 ఏండ్లు.

ఇంతవరకు విజయములను చెప్పితిమి. సంవత్సరములను, గోలులను వరుసగా నేకరువు పెట్టుట మాకంత రుచింపదు. కాని అవి చెప్పకున్నచో ఇక చెప్పబోవు దినము బరువు తెలియదు.

1979 మార్చి 30. హంగేరీదేశమున టాటాబాన్యా యను గనుల పట్టణము. కప్పువిజేతల కప్పు అను ఐరోపా పోటీలో సెమీఫైనలు, రెండవ ఆట. డెకార్మ్ బంతి నందుకొని ముందునకు పరుగెత్తెను. ఎదుటిజట్టు ఆటగానితో తల తలకు తాకెను. ముందే చెప్పితిమి, ఈ ఆటలో ఢీకొనుట దినమును జరుగునదే; ఎదుటివాడు కావలెనని చేసినది కాదు. కాని ఆ దెబ్బకే డెకార్మ్ స్పృహ తప్పెను. స్పృహయున్నవాడు పడునప్పుడు చేతులు తమంత తామే ముందునకు వచ్చును, తలను కాపాడుకొనును. అతని చేతులు రాలేదు. కొయ్య నరికినట్లు పడెను. ఆ శాల నేల కాంక్రీటు. దానిపై పరచినది పలుచని ప్లాస్టిక్ పొర మాత్రమే. తల నేరుగా ఆ కాంక్రీటునకు తగిలెను.

131 దినములు అతడు కన్ను తెరువలేదు. మెదడుకు తీవ్రమైన గాయము. ఇరువదియైదేండ్ల వయస్సున, ఐరోపాలో ఎవరికిని తీసిపోని ఆటగాడు, తిరిగి మేలుకొనినప్పుడు మాటను, నడకను, ముద్ద నోటికి చేర్చుకొను విధమును మొదటినుండి నేర్వవలసివచ్చెను. ఆ కప్పు ఆ యేడు గుమ్మర్స్‌బాఖ్‌కే వచ్చినది. దానిని ఎత్తి చూపిన చేతులలో అతని చేతులు లేవు.

క్రింద చెక్కపలకల నేల యున్నచో ఏమయ్యెడిదో ఎవరు చెప్పగలరు? అయినను ఆ ప్రశ్న మమ్ము విడువదు. వేలమంది కూర్చుండుటకు ఆసనములు కట్టువారు, ఆటగాడు పడు నేలను గూర్చి తలంపకుండుట ఒక్క హంగేరీలోనే జరిగినది కాదు. కాంక్రీటుపై పొర పరచిన శాలలు ఆనాడు ఐరోపాలో అరుదు కాదు. మన ఊళ్ళలో పిల్లలు సిమెంటు గచ్చుపై బంతియాటలు ఆడుచుండుట చూచునప్పుడెల్ల మాకు టాటాబాన్యా గుర్తునకు వచ్చును.

ఆసుపత్రులనుండి డెకార్మ్ తల్లిదండ్రుల ఇంటికి చేరెను. అప్పుడు బాల్యమున అతనికి ఆట నేర్పిన వెర్నర్ హుర్టర్ అను శిక్షకుడు మరల వచ్చెను. ఒకప్పుడు బంతి పట్టు విధము నేర్పిన చేతులే, ఈమారు అడుగు వేయు విధము నేర్పెను. ఏండ్ల తరబడి సాగిన పని యది. బంతిని గోడకు విసరి పట్టుట, మెట్టు ఎక్కుట, పదము పలుకుట. ఇందులో చప్పట్లు లేవు, పట్టికలో చేరు అంకెలు లేవు. మేము గుమ్మర్స్‌బాఖ్ చరిత్రలో గొప్ప శిక్షకుడెవరని అడిగినచో, ఆ సంఘమునకు ఏనాడును శిక్షణ యియ్యని ఈ హుర్టర్ పేరే చెప్పుదుము. 1978 నాటి సహచరులును అతనిని విడువలేదు. 2002లో డెకార్మ్ గుమ్మర్స్‌బాఖ్‌కు తరలివచ్చి, సంరక్షణ లభించు నివాసములో ఉండెను. చక్రముల కుర్చీలో ఆటలకు వచ్చి చూచుచుండెను. 2018లో పుట్టిన ఊరికి తిరిగిపోవువరకు, ఆరేండ్లు ఆడిన ఊరిలో పదునారేండ్లు నివసించెను.

సంఘము ఆట మాత్రము 1979తో ఆగలేదు. గోలులో ఆండ్రేయాస్ టీల్ వచ్చి చేరెను. బంతి యెక్కడికి రానున్నదో ముందే యెరిగినట్లు ఆపుటచేత అతనికి మంత్రగాడని పేరు పెట్టిరి. 1982లో దేశవిజయము, 1983లో దేశవిజయము, జర్మనీ కప్పు, మాస్కో సైనికజట్టును ఓడించి ఐదవ ఐరోపా కప్పు, మూడును ఒక్క యేటనే. ఆ యేడే వుండర్లిష్ బార్సిలోనాకు పోయెను. 1985లో మరియొకమారు. పిమ్మట హైనర్ బ్రాండ్ శిక్షకుడై 1988లోను, 1991లోను గెలిపించెను. 1991 నాటిది పండ్రెండవ దేశవిజయము. అప్పటికి మరే సంఘమును దరిదాపులకు రాలేదు.

అది చివరిది కూడ. ఆ తరువాత ఇంతవరకు పదుమూడవది రాలేదు.

ఎందులకు రాలేదన్నచో, ఆట మారినది. ఉద్యోగము చేసికొనుచు, చదువుకొనుచు సాయంకాలము సాధన చేయు కాలము గడచినది. ఆటగాండ్రకు జీతములు పెరిగెను. జీతములకు పెద్ద శాల, పెద్ద నగరము, పెద్ద వ్యాపారసంస్థల అండ కావలసివచ్చెను. ఉత్తరమున సముద్రతీరపు కీల్ నగరజట్టు ఆ క్రొత్త విద్యను చక్కగా నేర్చి, 2007లో తన పదుమూడవ విజయముతో గుమ్మర్స్‌బాఖ్ లెక్కను దాటిపోయెను. గుమ్మర్స్‌బాఖ్‌లోని పాత శాలలో సుమారు రెండువేలమందికే చోటు. ఖజానా పలుమార్లు ఖాళీయయ్యెను. 2001 మొదలు సంఘము తన పెద్ద ఆటలను కొలోన్‌లోని మహాశాలకు తరలించెను. అక్కడ పందొమ్మిదివేలమందికి చోటు కలదు. కొన్ని సాయంకాలములు ఆ శాల నిండెను కూడ. కాని నిండని సాయంకాలములు మరి హెచ్చు. తన ఊరి పేరు పెట్టుకొని పరయూర ఆడు జట్టును చూచి పాతకాపులు నొచ్చుకొనిరన్నచో తప్పు వారిది కాదు. ఆనాడు డోర్ట్‌మండు పోయినది పండుగకు. ఇది కాపురము మార్చుట.

ఆ నడుమ కాలమున ఒక మెరుపు లేకపోలేదు. దక్షిణ కొరియానుండి 1996లో యూన్ క్యుంగ్‌షిన్ అను రెండు మీటర్లు దాటిన యువకుడు వచ్చి, పదేండ్లు ఆ జట్టున ఆడెను. 2000–01 సంవత్సరములో ఒక్క బుండెస్‌లీగా పోటీలోనే 324 గోలులు చేసెను. బనాట్ పల్లెవానివలెనే ఈ ఆసియావాసియు ఆ కొండలలో పరాయివాడుగా మిగులలేదు. 2007లో కొలోన్‌లో, గుమ్మర్స్‌బాఖ్‌కు గంటసేపటి ప్రయాణదూరమున, జర్మనీ మరల ప్రపంచవిజేత యయ్యెను. శిక్షకుడు హైనర్ బ్రాండ్. పెదవులు కనబడని ఆయన గుబురుమీసము దేశమంతట ప్రసిద్ధము. తుదిపోటీ ముగిసినంతనే ఆటగాండ్రందరు అట్టిదే కృత్రిమపు మీసము పెట్టుకొని వచ్చి నిలిచిరి. నవ్వనివాడని పేరుగాంచిన బ్రాండ్ ఆనాడు నవ్వెనట.

2009, 2010, 2011 సంవత్సరములలో సంఘము వరుసగా ఐరోపాలోని చిన్న కప్పులను మూడింటిని గెలిచెను. లోపల అప్పులు, వెలుపల కప్పులు. ఇట్టి సంసారములు మనకును తెలిసినవే. 2013లో తిరిగి సొంత ఊరికి వచ్చెను. స్టైన్‌ముల్లర్ బాయిలర్ల కర్మాగారము మూతపడిన స్థలములో, 4,132 మందికి చోటున్న క్రొత్త శాల వెలసినది. తాతలు ఇనుము కరగించిన నేలపై మనుమలు కూర్చుండి ఆట చూచిరి.

అయినను పతనము తప్పలేదు. బుండెస్‌లీగా పుట్టిననాటినుండి 53 సంవత్సరములు ఒక్కమారైనను క్రింది శ్రేణికి దిగని సంఘము, 2019 జూన్ నెలలో చివరిదినపు ఆటను బీటిగ్‌హైమ్‌లో 25–25గా ముగించి, రెండవ శ్రేణికి దిగిపోయెను. ఓడకయే పడిపోయినది. ఆ ఊరివారికి అది ఎట్టి రాత్రియో మేము వర్ణింపబోము.

తిరిగి లేవనెత్తిన శిక్షకుడు ఐస్‌లాండు దేశస్థుడు, గుడ్యోన్ వాలూర్ సిగుర్డ్‌సన్. ఇతడు పూర్వము ఆ జట్టున ఆడినవాడే. మూడేండ్లు రెండవ శ్రేణిలో గడపి, 2022లో గుమ్మర్స్‌బాఖ్ మొదటి శ్రేణికి వచ్చెను. 2024లో ఆరవస్థానము సంపాదించి, 2024–25లో ఐరోపా పోటీలలో మరల ఆడెను. జట్టులో పెద్ద జీతములవారు కొద్దిమంది, ఎక్కువమంది కుర్రవాండ్రు.

తిరిగివచ్చిన ఆ మొదటి సంవత్సరము సగము గడచుచుండగా, 2023 ఫిబ్రవరిలో హాన్సి ష్మిట్ 80వ యేట కన్నుమూసెను. 1963లో సరిహద్దు దాటి వచ్చిననాడు అతడు ఎన్నుకొనిన జట్టు, అతడు పోవునాటికి మొదటి శ్రేణిలోనే ఆడుచుండెను.